చీజ్ బిస్కెట్ ఎందుకు మెత్తబడుతుంది? కారం బిస్కెట్ల వెనుక ఉన్న నీరు, కొవ్వు, ఉప్పు లెక్కలు

కారం, జీలకర్ర వేసి చేసే చీజ్ బిస్కెట్లకు ఏ వంటవిధానం చూసినా కొలతలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొంత మైదా, కొంత వెన్న, కొంత చీజ్, కాస్త ఉప్పూ కారం. ఫలితాలు మాత్రం ఒకేలా రావు. ఒకరికి నోట్లో వేసుకోగానే పొడిపొడిగా విరిగే బిస్కెట్ వస్తే, అవే కొలతలతో చేసిన మరొకరికి ట్రే నిండా నూనె కక్కుతూ పరుచుకున్న పలక వస్తుంది. ఇంకొకరికి ఓవెన్‌లోంచి తీసినప్పుడు కరకరలాడినవి గంట తిరిగేసరికి మెత్తబడతాయి. ఈ తేడాలకు చేతివాటం కొంత కారణమే. కానీ అంతకన్నా పెద్ద కారణం 'చీజ్' అన్న ఒక్క మాటలో ఉంది. ఆ మాట కింద నీరు, కొవ్వు, ప్రొటీన్, ఉప్పు నాలుగూ ఉంటాయి. చీజ్ రకం మారిస్తే నాలుగూ ఒకేసారి మారిపోతాయి, మిగతా కొలతలు మాత్రం పాతవే ఉండిపోతాయి.

సంక్షిప్తంగా

ముద్ద బరువులో దాదాపు మూడో వంతు చీజే కాబట్టి, దాని తేమను బట్టే బిస్కెట్ కరకరలాడటం, మెత్తబడటం తేలుతుంది. బాగా పండిన (నెలల తరబడి నిల్వ ఉంచిన), తేమ తక్కువ ఉన్న చీజ్ ఎంచుకోవాలి. వెన్న చల్లగా ఉండాలి. పాలు, నీళ్లు వీలైనంత వరకు పోయకూడదు. మొదట 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆకారం నిలబెట్టి, తర్వాత 150 డిగ్రీలకు తగ్గించి లోపలి తేమను తోలేయాలి. ఉప్పు ఎంత వేయాలన్నది చీజ్, వెన్న ప్యాకెట్ల మీది సోడియం అంకె చూశాకే నిర్ణయించుకోవాలి.

ఏ చీజ్‌లో ఏముంది

100 గ్రాముల చెడ్డార్‌లో సుమారు 37 గ్రాముల నీరు, 33 గ్రాముల కొవ్వు, 24 గ్రాముల ప్రొటీన్, 1.8 గ్రాముల దాకా ఉప్పు ఉంటాయి. పార్మెజాన్ లాంటి గట్టి చీజ్‌లో నీరు 30 గ్రాములకు దిగుతుంది, ప్రొటీన్ 33 గ్రాములు దాటుతుంది. పిజ్జా మీద వేసే తక్కువ తేమ మోజరెల్లాలో నీరు 45 నుంచి 48 గ్రాములు. నీళ్లలో ఉంచి అమ్మే తాజా మోజరెల్లాలో అయితే 60 గ్రాముల దాకా పోతుంది. అంటే చెడ్డార్‌కు బదులు అంతే బరువు తాజా మోజరెల్లా వేస్తే, ఎవరూ పోయకుండానే ముద్దలోకి అదనపు నీళ్లు వచ్చి చేరతాయి, కొవ్వు మాత్రం తగ్గిపోతుంది. బిస్కెట్ గుల్లగా రావడానికి కావలసింది కొవ్వు, దాన్ని అడ్డుకునేది నీరు. కాబట్టి ఈ మార్పు రెండు వైపుల నుంచీ దెబ్బతీస్తుంది.

చీజ్ వయసు కూడా అంతే ముఖ్యం. లేత చీజ్‌లో కేసిన్ అనే పాల ప్రొటీన్ పొడవాటి వలలా అల్లుకుని ఉంటుంది. వేడి తగిలితే అది తీగలుగా సాగుతుంది. పిజ్జాలో ఆ సాగుడే అందం, బిస్కెట్‌లో మాత్రం పంటి కింద రబ్బరులా తగులుతుంది. చీజ్ నెలల తరబడి పండుతున్నకొద్దీ ఎంజైములు ఆ వలను ముక్కలు చేస్తాయి. అందుకే పాత చీజ్ తురిమితే పొడిగా రాలుతుంది, పిండిలో ఇట్టే కలిసిపోతుంది. ఆ ముక్కలయ్యే క్రమంలోనే ప్రొటీన్ నుంచి అమైనో ఆమ్లాలు విడివడతాయి. వాటిలో గ్లూటమేట్ ఒకటి. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించిన 'ఉమామి' అనే గాఢమైన కమ్మటి రుచికి మూలం ఇదే. బాగా పండిన పార్మెజాన్‌లో 100 గ్రాములకు ఒక గ్రాము పైనే ఇలా విడివడిన గ్లూటమేట్ ఉంటుంది. లేత చెడ్డార్ 150 గ్రాములు వేసినా రాని గాఢత, పండిన చీజ్ 100 గ్రాములతో రావడానికి కారణం అదే.

అలాగని మొత్తం పార్మెజానే వేస్తే సరిపోదు. దానిలో ప్రొటీన్ ఎక్కువ, తేమ తక్కువ. అలాంటి ముద్ద కలవడానికే మొరాయిస్తుంది, కాలిన బిస్కెట్ ఇసుకలా రాలుతుంది. రెండు వంతుల పాత చెడ్డార్, ఒక వంతు పార్మెజాన్ కలిపితే కమ్మదనమూ, గాఢతా, గుల్లదనమూ మూడూ దక్కుతాయి. ఇంటి వంటకు ఇంతకు మించిన పాళ్లు వెతకనక్కర్లేదు.

ప్రాసెస్డ్ చీజ్ సంగతి వేరు. దాని తయారీలో సోడియం సిట్రేట్, సోడియం ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలుపుతారు. అవి కేసిన్‌ను పట్టి ఉంచిన కాల్షియంను లాగేస్తాయి. అప్పుడు ప్రొటీన్ సన్నగా విడిపోయి కొవ్వునూ నీటినీ రెండింటినీ గట్టిగా పట్టుకుంటుంది. కరిగించినా నూనె విడవకపోవడానికి ఇదే కారణం. బిస్కెట్‌లో ఈ గుణం సగం మేలు, సగం కీడు. నూనె కారదు, నిజమే. కానీ పట్టుకున్న నీటిని కూడా త్వరగా వదలదు, అందువల్ల లోపలి భాగం ఎండటానికి ఎక్కువ సేపు పడుతుంది. చేతిలో ఉన్నది అదొక్కటే అయితే, కింద చెప్పబోయే కొలతల్లోని చీజ్‌ను 120 గ్రాముల నుంచి 90కి తగ్గించి, చిన్న మంట మీద, అంటే 150 డిగ్రీల దశలో, మరో నాలుగైదు నిమిషాలు ఉంచాలి. రుచి కాస్త చప్పగా ఉంటుందని ముందే అనుకోవాలి.

పనీర్ లాంటి, పాలను ఆమ్లంతో విరగ్గొట్టి చేసే తాజా చీజ్‌లు వేడికి కరగనే కరగవు. అవి ఈ పనికి రావు. ముందే తురిమి ప్యాకెట్లో అమ్మే చీజ్‌కు తురుము అంటుకోకుండా స్టార్చ్ గానీ సెల్యులోజ్ గానీ పట్టిస్తారు. ఆ పూత వల్ల తురుము వెన్నతో సరిగా కలవదు. ముక్క కొని సన్న రంధ్రాల వైపు తురుముకోవడమే మంచిది.

ముద్దలో ఎంత నీరు, అందులో ఎంత పోవాలి

150 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 120 గ్రాముల చెడ్డార్, పది గ్రాముల దాకా ఉప్పూ మసాలాలు కలిస్తే 380 గ్రాముల ముద్ద అవుతుంది. పొడిగా కనిపించే మైదాలోనే 13 శాతం దాకా తేమ ఉంటుంది, అంటే 20 గ్రాములు. వెన్నలో 16 శాతం నీరు, అంటే 16 గ్రాములు. చెడ్డార్‌లో 44 గ్రాములు. ఒక్క చుక్క కూడా పోయకముందే ముద్దలో 80 గ్రాముల నీరు ఉందన్నమాట. అందులో సగానికి పైగా చీజ్‌దే.

కరకరలాడే బిస్కెట్‌లో తేమ 5 శాతం లోపే ఉండాలి. 4 శాతం అనుకుంటే, 300 గ్రాముల ఘనపదార్థానికి 12 గ్రాముల నీరు చాలు. మిగిలిన 68 గ్రాములు ఓవెన్‌లో ఆవిరై పోవాలి. ఈ లెక్క నుంచే ఒక ఉపయోగకరమైన పరీక్ష పుడుతుంది. ట్రేలో పెట్టే ముందు ముద్ద ముక్కల బరువు చూసుకుని, కాల్చాక మళ్లీ తూచాలి. 100 గ్రాములకు 82, 83 గ్రాములు మిగిలితే బిస్కెట్ లోపలి దాకా ఎండినట్టే. 88 దగ్గర ఆగిందంటే పైకి ఎంత ఎర్రగా కనిపించినా మధ్యలో చెమ్మ ఉంది. ఆ చెమ్మే చల్లారాక అంచులకు పాకి బిస్కెట్ మొత్తాన్ని మెత్తబరుస్తుంది. రంగును నమ్ముకునేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కారప్పొడి కలిపిన ముద్ద మొదటి నుంచే ఎర్రగా ఉంటుంది కాబట్టి రంగు చూసి ఉడికిందో లేదో తేల్చడం ఇంకా కష్టం.

చీజ్‌లోని నీటికి ఇంకో లక్షణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు అది ప్రొటీన్‌లో బందీగా ఉంటుంది, పిండికి అందదు. అందువల్ల కలుపుతున్నప్పుడు ముద్ద పొడిపొడిగా, నీళ్లు చాలనట్టు కనిపిస్తుంది. అక్కడ తొందరపడి పాలు పోస్తే, ఓవెన్‌లో చీజ్ కరిగి తన నీటిని వదిలినప్పుడు మొత్తం తేమ అవసరాన్ని దాటిపోతుంది. పొడిగా కనిపించినప్పుడు చేయాల్సింది పిండిని పిడికిలితో గట్టిగా అదిమి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయడం. అప్పటికీ కలవకపోతేనే ఒక టీస్పూన్ చల్లటి పాలు. మొత్తంగా రెండు టీస్పూన్లు దాటకూడదు.

కొలతలు

పైన లెక్కకు తీసుకున్న కొలతలే ఇంట్లో చేయడానికీ పనికొస్తాయి: మైదా 150 గ్రాములు, ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, పాత చెడ్డార్ 80 గ్రాములు, పార్మెజాన్ 40 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచిన జీలకర్ర 3 గ్రాములు, కారప్పొడి 2 గ్రాములు, అప్పుడే దంచిన మిరియాలు 1 గ్రాము, ఆవపొడి 2 గ్రాములు, ఉప్పు గ్రాము నుంచి గ్రామున్నర. పార్మెజాన్‌లో నీరు తక్కువ కాబట్టి పై లెక్కలోని 80 గ్రాములు కాస్త తగ్గి 77 దగ్గరకు వస్తాయి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఐదు మిల్లీమీటర్ల మందంతో 50 దాకా బిస్కెట్లు వస్తాయి.

మైదాలో 25 గ్రాములు తీసేసి ఆ చోట మొక్కజొన్న పిండి గానీ బియ్యప్పిండి గానీ వేయవచ్చు. వాటిలో గ్లుటెన్ (ముద్దను సాగేలా చేసే ప్రొటీన్ వల) ఏర్పడదు కాబట్టి బిస్కెట్ మరింత పెళుసుగా విరుగుతుంది. మొక్కజొన్న పిండితో మెత్తటి గుల్లదనం వస్తుంది, బియ్యప్పిండితో కరకర వస్తుంది. మైదా బదులు పూర్తిగా గోధుమపిండి వేస్తే తవుడు ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది, ముద్ద బిగుస్తుంది. మూడో వంతు వరకు మారిస్తే ఇబ్బంది ఉండదు.

బేకింగ్ పౌడర్ తప్పనిసరి కాదు. అది లేకుండా చేస్తే దిట్టంగా, టక్కున విరిగే బిస్కెట్ వస్తుంది. పావు టీస్పూన్ వేస్తే కొంచెం తేలికవుతుంది. వంటసోడా సంగతి జాగ్రత్తగా చూడాలి. అది ముద్దను క్షార గుణం వైపు నెడుతుంది, దాంతో రంగు త్వరగా ఎక్కుతుంది, లోపల తేమ పోకముందే పైన ముదురుతుంది. సోడా మోతాదు ఎక్కువైతే సబ్బు రుచి కూడా తగులుతుంది.

ఉప్పు: వేసేముందు లెక్క

ఉప్పదనం గురించిన ఫిర్యాదులన్నీ దాదాపు ఒకే చోట మొదలవుతాయి. ముద్దలోంచి నీరు పోయినప్పుడు ఉప్పు పోదు. 380 గ్రాముల్లో ఉన్న ఉప్పు 312 గ్రాముల్లోకి చిక్కబడుతుంది. చివరి బిస్కెట్‌లో 1.2 శాతం నుంచి 1.4 శాతం ఉప్పు ఉంటే రుచి నిండుగా ఉంటుంది. అంటే మొత్తం నాలుగు గ్రాములు, అటూ ఇటూగా.

120 గ్రాముల చెడ్డార్ ఒక్కటే రెండు గ్రాముల పైచిలుకు తెస్తుంది. ఉప్పు లేని వెన్న వాడితే మరో గ్రామున్నర కలుపుకోవచ్చు. ఉప్పు వేసిన వెన్న వాడితే 100 గ్రాముల్లోనే ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు వచ్చేస్తాయి, ఇక చిటికెడు కూడా వేయనక్కర్లేదు. ప్రాసెస్డ్ చీజ్, ఉప్పు వెన్న రెండూ కలిస్తే అసలు చేయి పెట్టకముందే హద్దు దాటే అవకాశం ఉంది. ప్యాకెట్ మీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. 100 గ్రాములకు 1,200 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే, అది మూడు గ్రాముల ఉప్పుతో సమానం.

కలిపే క్రమంలోనే గుల్లదనం

మైదాలో పది శాతం దాకా ప్రొటీన్ ఉంటుంది. దానికి నీరు తగిలి, చేతి ఒత్తిడి పడితే గ్లుటెన్ అనే సాగే వల తయారవుతుంది. రొట్టెకు అది ప్రాణం, బిస్కెట్‌కు బద్ధశత్రువు. పిండి రేణువుల చుట్టూ ముందే కొవ్వు పూత పట్టిస్తే నీరు వాటిని చేరలేదు. అందుకే క్రమం మారకూడదు. మొదట పొడి దినుసులన్నీ కలిపి జల్లించాలి, దంచిన జీలకర్ర, మిరియాలు తర్వాత చేర్చాలి. అందులో చల్లటి వెన్న ముక్కలు వేసి వేళ్ల కొసలతో నలపాలి. రవ్వలా అయ్యాక చీజ్ తురుము వేయాలి. చివరగా అదమడం. చీజ్, వెన్న ముందే కలిపి గిలకొట్టి పిండి తర్వాత వేసే పద్ధతి కూడా ఉంది. దానితో బిస్కెట్ నున్నగా వస్తుంది కానీ ఓవెన్‌లో ఎక్కువగా పరుచుకుంటుంది.

వెన్న వేడిమి 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే నలపడానికి అనువుగా ఉంటుంది. 20 దాటితే జిడ్డుగా పూసుకుంటుంది. 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగి దానిలోని నీరు విడిపోతుంది, ఆ నీరు నేరుగా పిండికి తగిలి గ్లుటెన్‌ను రేపుతుంది. అరచేతి వేడి చాలు ఇదంతా జరగడానికి. అందుకే అరచేతులు తగలకుండా వేళ్లతోనే పని కానివ్వాలి. వంటగది వేడిగా ఉంటే వెన్నను పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, చీజ్ తురిమే పలక మీదే తురిమితే సరిపోతుంది. మిక్సీ వాడేవాళ్లు ఆపి ఆపి తిప్పాలి. బ్లేడు రాపిడికి పుట్టే వేడి తక్కువేమీ కాదు.

ముద్ద ఒక దగ్గరకు చేరిన క్షణంలో ఆపేయాలి. నున్నగా వచ్చేదాకా పిసకాలన్న అలవాటు ఇక్కడ పనికిరాదు. చీలికలు కనిపించినా పర్వాలేదు.

చల్లబరచడం, కోయడం

ముద్దను రెండు భాగాలు చేసి, ఒక్కోదాన్ని నాలుగు సెంటీమీటర్ల లావు, 13 సెంటీమీటర్ల పొడవు ఉన్న కడ్డీగా దొర్లించి, బటర్ పేపర్‌లో గట్టిగా చుట్టాలి. ఫ్రిజ్‌లో గంట నుంచి గంటన్నర ఉండాలి. ఈ సమయంలో వెన్న గడ్డకడుతుంది, పిండి తనకు అందిన తేమను సమంగా పీల్చుకుంటుంది, అదమడంలో ఏర్పడిన కాస్త గ్లుటెన్ బిగువు సడలుతుంది. మూడూ కోత సాఫీగా రావడానికి, ఆకారం నిలవడానికి సాయపడతాయి.

అప్పడాల కర్రతో ఒత్తి అచ్చులతో కోయడం కన్నా ఈ కడ్డీ పద్ధతి మేలు. ఒత్తేటప్పుడు అంటుకోకుండా చల్లే పొడిపిండి బిస్కెట్‌ను గట్టిపరుస్తుంది. మిగిలిన అంచు ముక్కల్ని మళ్లీ కలిపి ఒత్తితే రెండో విడత మొదటిదానికన్నా గట్టిగా వస్తుంది. కడ్డీలో వృథా ఉండదు, మళ్లీ కలపాల్సిన పని ఉండదు. కోస్తున్నప్పుడు పగుళ్లు వస్తే కడ్డీ మరీ చల్లగా ఉందని అర్థం. ఐదు నిమిషాలు బయట ఉంచితే సర్దుకుంటుంది. ప్రతి కోతకు కడ్డీని కొంచెం తిప్పుతూ ఉంటే ఒక వైపు చదునుగా అణగదు.

కోసిన ప్రతి ముక్కకూ ఫోర్కుతో రెండు మూడు చోట్ల గుచ్చాలి. లోపలి ఆవిరికి దారి దొరుకుతుంది, లేకపోతే మధ్యలో బుడగలా ఉబ్బి పొర విడిపోతుంది.

మసాలా ఏ రూపంలో వేయాలి

ఇక్కడ కూడా అసలు ప్రశ్న నీటిదే. ఉల్లిపాయలో, పచ్చిమిర్చిలో దాదాపు 90 శాతం నీరు ఉంటుంది. 20 గ్రాముల ఉల్లి తరుగు వేస్తే 100 గ్రాముల వెన్న తెచ్చే నీటికన్నా ఎక్కువ నీరు ముద్దలో చేరుతుంది. కొత్తిమీర లాంటి తాజా ఆకులదీ ఇదే దారి. వాటి వాసన కావాలంటే ఎండబెట్టినవో, వేయించి చెమ్మ పూర్తిగా పోగొట్టినవో వాడాలి. పచ్చి వెల్లుల్లికి బదులు వెల్లుల్లి పొడి వేసుకోవచ్చు, అయితే దాన్ని ముద్ద లోపల కలపాలే తప్ప పైన చల్లకూడదు. పైన పడిన పొడి మాడి చేదెక్కుతుంది.

కారం ప్రవర్తన కొంచెం వింతగా ఉంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఓవెన్ వేడికి ఆవిరైపోయేదీ కాదు. కొవ్వు నిండిన బిస్కెట్‌లో అది కొవ్వు పొరల్లో ఒదిగి ఉంటుంది. పైగా పాల ప్రొటీన్ దాన్ని పట్టుకుని ఘాటును నెమ్మదింపజేస్తుంది. అందువల్ల మొదటి కొరుకుడులో చీజ్ రుచే తెలుస్తుంది, మంట కొన్ని క్షణాల తర్వాత వస్తుంది. రెండు మూడు బిస్కెట్లు తిన్నాక పోగుపడుతుంది. కారం సరిపోయిందో లేదో ఒక్క ముక్కతో తేల్చుకోకపోవడం మంచిది.

జీలకర్రను ముందే వేయించనక్కర్లేదు. వేయించినదాన్ని మళ్లీ ఓవెన్‌లో పెడితే పైకి తేలిన గింజలు మాడతాయి. పచ్చిదాన్ని కచ్చాపచ్చాగా దంచితే వెన్నలోనే వేగి వాసన విడుస్తుంది. వాము వేయాలనుకుంటే జీలకర్రలో సగం చాలు, దాని థైమాల్ వాసన చీజ్‌ను సులువుగా మింగేస్తుంది. ఆవపొడి ఘాటు నీరు తగిలినప్పుడే పుడుతుంది, మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేయడం వల్ల. అలా పుట్టినది కూడా చాలావరకు ఓవెన్‌లో ఎగిరిపోతుంది. మిగిలే చిరుచేదు మాత్రం చీజ్ కొవ్వు నాలుకకు మొహం మొత్తకుండా చూస్తుంది. ఆ కొద్దిపాటి పనికే రెండు గ్రాములు.

రుచి చూడటానికి పచ్చి ముద్ద నోట్లో వేసుకోకూడదు. పచ్చి మైదాలో సాల్మొనెల్లా, ఈ కోలై లాంటి హానికర బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. దానికి బదులు ఒక్క ముక్క కోసి ముందుగా కాల్చి చూడాలి. ఉప్పు, కారం, పరుచుకునే తీరు మూడూ ఆ ఒక్క బిస్కెట్‌లో తెలిసిపోతాయి. కారం, మిరియాలు తక్కువైతే కడ్డీ అంచుకు పట్టించవచ్చు. పరుచుకుంటుంటే మిగతా ముక్కల్ని ఫ్రీజర్‌లో ఇరవై నిమిషాలు గడ్డకట్టించి కాల్చవచ్చు.

ఓవెన్‌లో ఏం జరుగుతుంది

ముద్ద వేడెక్కుతుంటే మొదట 35 డిగ్రీల లోపే వెన్న కరుగుతుంది. 65, 70 డిగ్రీల ప్రాంతంలో చెడ్డార్ జారుడుగా మారుతుంది. అంచులు గట్టిపడే లోపు ఈ రెండూ జరిగిపోతే బిస్కెట్ పరుచుకుంటుంది. ఓవెన్ ముందుగా బాగా వేడెక్కి, ముక్కలు బాగా చల్లగా ఉంటే అంచులు త్వరగా బిగుస్తాయి. అరకొరగా వేడెక్కిన ఓవెన్‌లో పెడితే కొవ్వు తీరుబడిగా కరిగి ట్రే మీదికి పారుతుంది. కాబట్టి కనీసం పదిహేను నిమిషాలు ముందుగా వేడిచేయాలి. చాలా ఓవెన్లలో మీట చూపే అంకెకూ లోపలి వేడికీ తేడా ఉంటుంది. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఆ అనుమానం తీరుస్తుంది.

100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరి కావడం మొదలవుతుంది. ఆ నీరు ఉన్నంతసేపు లోపలి భాగం అంతకు మించి పెద్దగా వేడెక్కదు. ఎండిన పైపొర మాత్రం 140 డిగ్రీలు దాటుతుంది. 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ వర్ణించిన చర్య అప్పుడు ఊపందుకుంటుంది. అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి గోధుమ రంగునూ కాల్చిన కమ్మటి వాసననూ పుట్టిస్తాయి. పండిన చీజ్‌లో అమైనో ఆమ్లాలు దండిగా ఉంటాయి కాబట్టి చక్కెర వేయకపోయినా చీజ్ బిస్కెట్ చకచకా రంగెక్కుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. రంగు ఎక్కే వేగం ఎక్కువ, నీరు పోయే వేగం తక్కువ. ఒకే వేడిలో మొదటి నుంచి చివరి దాకా కాలిస్తే రెండింటిలో ఒకటే కుదురుతుంది. అందుకే రెండు దశలు. 180 డిగ్రీల్లో పది నిమిషాలు, అంచులు బిగిసి లేత బంగారు రంగు వచ్చేదాకా. తర్వాత 150 డిగ్రీలకు తగ్గించి ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే రెండు దశల్లోనూ 20 డిగ్రీలు తక్కువ. ఆరు మిల్లీమీటర్లు దాటిన మందానికి రెండో దశ మరో ఐదు నిమిషాలు పొడిగించాలి. నల్లటి ట్రే వేడిని ఎక్కువగా పీల్చి అడుగు మాడుస్తుంది. లేత రంగు ట్రే మీద పార్చ్‌మెంట్ కాగితం పరిస్తే అడుగూ పైనా సమంగా కాలుతాయి. ఎయిర్ ఫ్రయర్‌లో గాలి ఉధృతి వల్ల పైపొర త్వరగా ఎండుతుంది. 160 డిగ్రీల్లో తొమ్మిది నుంచి పదకొండు నిమిషాలు చాలు, ముక్కలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడకూడదు.

ముదురు గోధుమ రంగు దాకా పోకుండా ఆపడానికి రుచి ఒక్కటే కారణం కాదు. పిండి పదార్థాలను 120 డిగ్రీలకు పైగా, తేమ తక్కువగా ఉన్న స్థితిలో కాల్చినప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. రంగు ముదిరినకొద్దీ అది పెరుగుతుంది. బంగారు రంగు దగ్గర ఆగి, మిగతా తేమను తక్కువ వేడిలో తోలేయడం రెండు విధాలా మంచిది.

తప్పులు ఎక్కడ జరుగుతాయి

నూనె కారడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం. వేడికి కేసిన్ వల ముడుచుకుపోతూ తనలోని కొవ్వును పిండేస్తుంది. పాత చీజ్‌లో వల బలహీనంగా ఉంటుంది కాబట్టి ఈ గుణం ఇంకాస్త ఎక్కువ. విడిచిన కొవ్వును పీల్చుకోవడానికి సరిపడా పిండి ఉంటే అది బయటికి రాదు. మైదా, వెన్న, చీజ్ మూడూ సమాన బరువుల్లో వేసే సంప్రదాయ పాళ్లలో ఈ ప్రమాదం అంచునే ఉంటుంది. పై కొలతల్లో వెన్న 100కు ఆగడానికి అదే కారణం. వెన్న కలిపేటప్పుడే కరిగిపోయినా ఇదే జరుగుతుంది. కాలిన వెంటనే పైన నూనె తళతళలాడటం మాత్రం లోపం కాదు. చల్లారుతుంటే అందులో చాలా భాగం లోపలికి ఇంకిపోతుంది.

గట్టిగా, దవడకు పని చెప్పేలా వస్తే కారణం ఎక్కువ పిసకడం గానీ పోసిన పాలు గానీ. చేదుగా ఉంటే పైన చల్లిన మసాలా మాడింది, లేదా సోడా ఎక్కువైంది. చీజ్ వాసనే లేకపోతే వాడినది లేత చీజ్, పరిమాణం పెంచినా పెద్ద ఉపయోగం ఉండదు.

తీసిన వెంటనే మెత్తగా ఉండటం చూసి కంగారుపడి మళ్లీ ఓవెన్‌లో పెట్టేవారు చాలామంది. వేడిగా ఉన్నప్పుడు కొవ్వు ద్రవంగా ఉంటుంది, బిస్కెట్ బిగుసుకునేది చల్లారాకే. ట్రే మీద రెండు నిమిషాలు ఆగనిచ్చి, గాలి ఆడే జాలీ మీదికి మార్చాలి. ట్రే మీదే వదిలేస్తే అడుగు నుంచి వచ్చే ఆవిరి చెమ్మగా మారి తిరిగి బిస్కెట్‌లోకే ఎక్కుతుంది. అరగంట తర్వాత ఒకటి విరిచి చూడాలి. మధ్యలో ముదురు రంగు తడి గీత కనిపిస్తే మొత్తం ట్రేను 140 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు ఉంచితే చాలు.

నిల్వ

రొట్టె పాతబడితే గట్టిపడుతుంది, బిస్కెట్ పాతబడితే గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారకముందే డబ్బాలో పెడితే ఆ తేమ లోపలే పుడుతుంది. గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చోట ఉంచితే వారం రోజులు బాగుంటాయి. ఆ తర్వాత చెడిపోవడం కన్నా ముందు వెన్న ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. వెలుతురు, వేడి దాన్ని తొందరపెడతాయి. ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. డబ్బా తెరిచిన ప్రతిసారీ చల్లటి బిస్కెట్ మీద చెమ్మ పడుతుంది.

ఎక్కువ రోజులకు కావాలంటే కాల్చిన బిస్కెట్లకన్నా పచ్చి కడ్డీని దాచుకోవడం తెలివైన పని. రెండు పొరలు చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు నిలుస్తుంది. కరిగించకుండా, కత్తి దిగేంత మెత్తబడటానికి పదిహేను నిమిషాలు మాత్రం బయట ఉంచి కోసి, నేరుగా వేడి ఓవెన్‌లోకి పంపవచ్చు. మొదటి దశకు రెండు నిమిషాలు అదనంగా ఇవ్వాలి.